అనాథ పిల్లల లెక్కలో పెంచే స్త్రీ ఎక్కడ?

(స్త్రీ సంఘాలు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎయిడ్స్ వల్ల తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకూ, ఆ వ్యాధి ఉన్న ఇళ్ళలో పెరుగుతున్న పిల్లలకూ వివిధ దేశాల ప్రభుత్వాలు ఇచ్చిన సహాయం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఇక్కడ కూర్చున్న వారిలో చాలామంది ఈ పని స్వయంగా చేసినవాళ్ళే. ఏ.ఆర్.టి. కేంద్రాల ముందు జబ్బు మనుషులతో పాటు క్యూలో నిలబడ్డారు. పిల్లల్ని బడిలో చేర్చుకోమన్న హెడ్మాస్టర్లతో పోట్లాడారు. కాబట్టి పిల్లల కష్టాలను మీ ముందు వర్ణించను. ఒక్క ప్రశ్న చుట్టూనే మాట్లాడతాను.

ఈ పథకాల కాగితాల్లో పిల్లవాడు ఉంటాడు. చనిపోయిన తల్లిదండ్రులు ఉంటారు. మంజూరు చేసే అధికారి, డబ్బిచ్చే దాత ఉంటారు. పొద్దున్నే లేచి ఆ పిల్లలకు ఇంత వండిపెట్టి, జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి నడిచే మనిషి మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ మనిషి అమ్మమ్మో, నాయనమ్మో, పిన్నో, మేనత్తో అయి ఉంటుంది. ఒక్కోచోట పన్నెండేళ్ళ అక్క అయి ఉంటుంది. ఆమెను లెక్కలోకి తీసుకున్న పథకం నిలబడింది, తీసుకోనిది తడబడింది. ఇదే నేను ఈ రోజు చెప్పదలచుకున్నది.

అనాథ అంటే ఎవరు?

2001 జూన్‌లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ఎయిడ్స్ మీద ప్రత్యేక సమావేశం జరిపింది. 2003 నాటికి ప్రతి దేశమూ ఈ పిల్లల కోసం జాతీయ విధానం తయారు చేసుకోవాలనీ, 2005 నాటికి దాన్ని అమలులో పెట్టాలనీ అక్కడ ప్రకటించారు. 2003లో అమెరికా ప్రభుత్వం ఎయిడ్స్ సహాయానికి పెద్ద నిధి ఏర్పాటు చేసి, అందులో పది శాతం అనాథలకూ, దుర్బల స్థితిలో ఉన్న పిల్లలకూ కేటాయించాలని చట్టంలోనే రాసింది. 2004లో యూనిసెఫ్, ఇతర సంస్థలు కలిసి ఒక మార్గదర్శక చట్రం తయారు చేశాయి. ఆఫ్రికా దేశాలు ఒకదాని తర్వాత ఒకటి జాతీయ కార్యాచరణ ప్రణాళికలు రాసుకున్నాయి.

ఇన్ని ప్రణాళికలకూ పునాది 'అనాథ' అన్న మాట. మన భాషలో అనాథ అంటే ఎవరూ లేని బిడ్డ. అంతర్జాతీయ లెక్కల్లో దాని అర్థం వేరు. మొదట్లో పదిహేనేళ్ళ లోపు వయసులో తల్లిని గానీ, తల్లిదండ్రులిద్దరినీ గానీ పోగొట్టుకున్న పిల్లల్నే లెక్కపెట్టేవారు. తరవాత ఆ నిర్వచనం మారింది. పద్దెనిమిదేళ్ళ లోపు వయసులో తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు పోయినా అనాథ కిందే లెక్క. 2004 నివేదిక ఎయిడ్స్ వల్ల అనాథలైన పిల్లలు ప్రపంచంలో కోటిన్నర మంది అనీ, అందులో కోటి ఇరవై లక్షల పైచిలుకు సహారా దిగువ ఆఫ్రికాలోనే ఉన్నారనీ అంచనా వేసింది.

2009లో పిల్లలు–ఎయిడ్స్ మీద పనిచేసిన ఒక అంతర్జాతీయ పరిశోధకుల బృందం ఈ అంకెల లోపలికి వెళ్ళి చూసింది. అనాథలుగా లెక్కకొచ్చిన పిల్లల్లో 88 శాతం మందికి తల్లో, తండ్రో బతికే ఉన్నారని తేల్చింది. ఈ పిల్లల పోషణకు అయ్యే ఖర్చులో దాదాపు 90 శాతం కుటుంబాలూ, ఇరుగుపొరుగులే భరిస్తున్నారని కూడా చెప్పింది. అంటే జాతీయ పథకాలు, దాతల నిధులు, మనలాంటి సంస్థలు అన్నీ కలిపినా మిగిలిన పది శాతం దగ్గరే ఉన్నాం.

ఇక్కడ ఒక మాట దగ్గర ఆగాలి. 'కుటుంబం భరిస్తోంది' అని రాసినప్పుడు ఆ కుటుంబంలో భరిస్తున్నది ఎవరు? 2004 చట్రంలో మొదటి సూత్రం కుటుంబాల శక్తిని పెంచడం, రెండోది సముదాయాన్ని కదిలించడం. వినడానికి బాగానే ఉంది. కానీ సమాజశాస్త్రం చదివినా చదవకపోయినా, పల్లెలో పనిచేసిన ఏ కార్యకర్తకైనా తెలుసు, ఇంట్లో పిల్లల చాకిరీకి 'కుటుంబం' అంటే ఆడవాళ్ళేనని. దక్షిణ, తూర్పు ఆఫ్రికా దేశాలు చాలావాటిలో అనాథ పిల్లల్లో సగం మంది దాకా తాత, అవ్వల ఇళ్ళలో పెరిగారు. ఆ ఇళ్ళలో చాలా అవ్వ ఒక్కతే ఉన్న ఇళ్ళు. కన్నకూతురికి ఆఖరి రోజుల్లో సేవ చేసి, పాతిపెట్టి, ఆమె పిల్లల్ని మళ్ళీ మొదటి నుంచి పెంచిన ముసలివాళ్ళు వీళ్ళు.

దక్షిణాఫ్రికా నేర్పిన రెండు పాఠాలు

దక్షిణాఫ్రికాలో జరిగింది కొంచెం వివరంగా చెబుతాను. మంచి నమూనా, చెడ్డ నమూనా రెండూ ఒకే దేశంలో పక్కపక్కనే కనిపిస్తాయి.

వర్ణవివక్ష ప్రభుత్వ కాలంలో ఒంటరి తల్లులకూ వారి పిల్లలకూ ఒక పోషణ భృతి ఉండేది. నల్లజాతి స్త్రీలలో అత్యధికులకు అది అందనే లేదు. ప్రజాస్వామ్యం వచ్చాక ఫ్రాన్సీ లండ్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ సిఫారసుల మీద 1998లో బాలల సహాయ భృతి మొదలైంది. అప్పుడు ఏడేళ్ళ లోపు పిల్లలకు నెలకు వంద రాండ్లు. చాలా చిన్న మొత్తం. అందులోని ఆలోచన మాత్రం పెద్దది. డబ్బు తండ్రికి ఇవ్వరు, చట్టబద్ధ సంరక్షకుడికి ఇవ్వరు. 'ప్రధానంగా పెంచుతున్న వ్యక్తి'కి ఇస్తారు. రోజూ ఆ బిడ్డను ఎవరు చూసుకుంటున్నారో వాళ్ళకు. పిల్ల అమ్మమ్మ దగ్గరికి మారితే భృతి కూడా ఆమె వెనకాలే వెళుతుంది. తల్లిదండ్రులు బతికి ఉన్నారా, పోయారా, ఏ జబ్బుతో పోయారు అన్న ప్రశ్న లేదు. పేదరికం ఒక్కటే కొలబద్ద. స్త్రీ సంఘాలూ, బాలల హక్కుల సంస్థలూ పోరాడగా వయోపరిమితి అంచెలంచెలుగా పద్దెనిమిదేళ్ళకు పెరిగింది. ఇప్పుడు సుమారు కోటీ ముప్ఫై లక్షల మంది పిల్లలకు ఇది అందుతోంది. అందుకుంటున్న పెద్దల్లో అత్యధికులు స్త్రీలే.

రెండో నమూనా పెంపక భృతి. మొత్తం దీనికంటే బాగా ఎక్కువ. సొంత ఇంట్లో హింసకో, నిర్లక్ష్యానికో గురైన బిడ్డను కోర్టు ఉత్తర్వుతో వేరే ఇంట్లో పెట్టినప్పుడు ఇవ్వడానికి ఉద్దేశించింది అది. ఎయిడ్స్ మరణాలు పెరిగాక, మనవల్ని పెంచుతున్న అవ్వలు కూడా దీనికి దరఖాస్తు చేసుకోవచ్చని ప్రభుత్వం ప్రోత్సహించింది. ఉద్దేశం మంచిదే. ఫలితం చూడండి. 2000 ప్రాంతంలో యాభై వేల లోపు ఉన్న ఈ పిల్లల సంఖ్య 2010 నాటికి ఐదు లక్షలకు చేరింది. ఒక్కొక్క బిడ్డకూ సోషల్ వర్కర్ నివేదిక కావాలి, కోర్టు ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు గడువు సాధారణంగా రెండేళ్ళు. గడువు దాటితే భృతి ఆగిపోతుంది.

పుట్టిన దగ్గర్నుంచి తన ఒళ్ళో పెరిగిన మనవడిని తనే పెంచుతున్నానని అవ్వ కోర్టులో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. సోషల్ వర్కర్ల కాలమంతా ఈ నివేదికలకే సరిపోయింది. నిజంగా హింసకు గురవుతున్న పిల్లల కోసం వాళ్ళకు తీరిక లేకపోయింది. 2011లో ప్రిటోరియా హైకోర్టు జోక్యం చేసుకుని, గడువు తీరిన ఉత్తర్వులన్నీ కొనసాగుతున్నట్టే భావించాలని ఆదేశించాల్సి వచ్చింది. ఆ తరవాత కూడా పొడిగింపుల మీద పొడిగింపులు. చివరికి 2020లో చట్టం సవరించి, 2022 జూన్ నుంచి బంధువుల దగ్గర పెరుగుతున్న అనాథలకు బాలల సహాయ భృతి మీదనే అదనపు మొత్తం కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటికి మామూలు భృతి 480 రాండ్లు, అదనంతో కలిపి 720, కోర్టు ద్వారా వచ్చే పెంపక భృతి 1,070. ఇంత చిన్న సవరణకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఈ సవరణలోనూ ఒక చిక్కు మిగిలింది. తల్లి బతికి ఉండి మంచం పట్టిన బిడ్డకు అప్పుడు 480 రాండ్లే. ఆ తల్లి చనిపోయాక 720. చావు జరిగితేనే ఆకలి ఎక్కువవుతుందా?

ఈ దేశం నుంచే ఇంకొక సంగతి. వృద్ధాప్య పింఛను 1990ల మొదట్లో నల్లజాతివారికి కూడా పూర్తి స్థాయిలో అందడం మొదలైంది. ఆర్థికవేత్త ఎస్తర్ డూఫ్లో ఆ పింఛను వచ్చే ఇళ్ళలో పిల్లల ఆరోగ్యాన్ని పరిశీలించి 2003లో ప్రచురించారు. అవ్వ చేతికి పింఛను వచ్చిన ఇళ్ళలో ఆడపిల్లల బరువు మెరుగుపడింది. తాత చేతికి వచ్చిన ఇళ్ళలో అలాంటి మార్పు కనిపించలేదు. పిల్లల పేరు ఎక్కడా లేని పథకం పిల్లలకు అన్నం పెట్టిందన్నమాట, డబ్బు చేరిన చేయి సరైనది కావడం వల్ల.

కెన్యా నగదు పథకం

కెన్యాలో 2004లో మూడు ప్రాంతాల్లో ఐదు వందల కుటుంబాలతో అనాథలు, దుర్బల పిల్లల నగదు పథకం మొదలైంది. మొదట చిన్న మొత్తం. తరవాత ఇంటికి నెలకు రెండు వేల షిల్లింగులు, రెండు నెలలకొకసారి. గ్రామ కమిటీలు పేద ఇళ్ళను గుర్తించేవి. పిల్లల్ని చూసుకునే వ్యక్తి డబ్బు తీసుకునేది. ఆ వ్యక్తి ఎక్కువ ఇళ్ళలో స్త్రీ. పదేళ్ళు గడిచేసరికి రెండు లక్షల పైన కుటుంబాలకు విస్తరించింది.

దీని మీద జరిగిన అధ్యయనాల్లో హైస్కూలు చదువు పెరిగిందని తేలింది. యువతలో లైంగిక సంబంధాలు మొదలయ్యే వయసు వెనక్కి జరిగిందనీ, ఆడపిల్లల్లో చిన్న వయసు గర్భాలు తగ్గాయనీ కూడా తేలింది. హెచ్.ఐ.వి. గురించి ఉపన్యాసాలు ఇవ్వని పథకం ఇది. ఇంట్లో నాలుగు డబ్బులు ఉంటే ఆడపిల్ల ఎవరో ఒకడి దయ మీద ఆధారపడనక్కరలేదు. ఇంతే దీని రహస్యం. లోపాలూ ఉన్నాయి. ఇద్దరు పిల్లలున్న ఇంటికీ, ఎనిమిది మంది ఉన్న ఇంటికీ ఒకటే మొత్తం. ధరలు పెరిగినా మొత్తం పెరగక విలువ కరిగిపోయింది. ఎక్కువ మందిని చేరదీసిన స్త్రీకే తలకు తక్కువ దక్కింది.

నగదు ఇచ్చినా, కాళ్ళ కింద నేల లేకపోతే ఆ స్త్రీ నిలబడలేదు. భర్త పోగానే అతని అన్నదమ్ములు భూమి లాక్కుని, విధవను పిల్లలతో సహా వెళ్ళగొట్టడం గురించి 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ కెన్యా మీద ఒక నివేదికే ప్రచురించింది. అక్కడ 1981లో అమలులోకి వచ్చిన వారసత్వ చట్టం భర్త ఆస్తి మీద విధవకు జీవితకాలపు హక్కు ఇచ్చి, మళ్ళీ పెళ్ళి చేసుకుంటే అది పోతుందని రాసింది. భార్య పోయిన భర్తకు ఆ షరతు పెట్టలేదు. ఇలా వీధిన పడ్డ పిల్లల్ని అనాథలుగా నమోదు చేసుకుని సాయం చేయడం ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో పెట్టడమే.

తల్లిని బతికించడమే మొదటి పథకం

అనాథల గురించి మాట్లాడుతూ మందుల గురించి మాట్లాడకపోతే సగం నిజమే చెప్పినట్టు. 2002 జూలైలో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం, గర్భిణుల నుంచి బిడ్డలకు వ్యాధి సోకకుండా ఆపే నెవిరాపిన్ మందును ప్రభుత్వాసుపత్రులన్నిటిలో అందుబాటులోకి తేవాలని తీర్పు ఇచ్చింది. ట్రీట్‌మెంట్ యాక్షన్ కాంపెయిన్ పోరాడి సాధించిన తీర్పు అది. అది గొప్ప విజయం. అయితే ఆ రోజుల్లో చాలా దేశాల్లో అమలైన పద్ధతి ఏమిటి? కాన్పు నొప్పులప్పుడు తల్లికి ఒక మాత్ర, పుట్టాక బిడ్డకు ఒక చుక్క. బిడ్డ బతికింది. తల్లికి ఆ తరవాత మందు లేదు. అప్పటి పథకం తల్లిని బిడ్డను మోసే పాత్రగా చూసింది. మూడేళ్ళకో, నాలుగేళ్ళకో ఆ బిడ్డ అనాథల జాబితాకి ఎక్కింది. అక్కడ ప్రభుత్వం మందులను ఆలస్యం చేయడం వల్ల 2000–2005 మధ్య 3,30,000 పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా వేశారు.

ఇంకొక హెచ్చరిక ఇటీవలిది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేసింది. ప్రాణాలు నిలిపే చికిత్సకు మినహాయింపు ఇచ్చినా, దాతల నిధులతో నడుస్తున్న అనాథ పిల్లల కార్యక్రమాలు చాలాచోట్ల ఆగిపోయాయి. దక్షిణాఫ్రికా అవ్వకు వచ్చే బాలల సహాయ భృతి ఆగలేదు. అది ఆ దేశపు ఖజానా నుంచి, చట్టం ఇచ్చిన హక్కుగా వస్తోంది. దయకూ హక్కుకూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే ఈ ఉదాహరణ చెప్పండి.

మన దగ్గర

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటిగా లెక్కకొచ్చింది. 2004 ఏప్రిల్‌లో ఉచిత ఏ.ఆర్.టి. మొదలయ్యేదాకా పోయినవాళ్ళు పోయారు. వాళ్ళ పిల్లలు ఎక్కడ పెరిగారో మీకు తెలుసు. ప్రకాశం జిల్లా పొగాకు పల్లెల్లో తిరుగుతున్నప్పుడు, ముగ్గురు మనవల్ని పెంచుతూ పొగాకు గ్రేడింగు పనికి వెళ్ళే ఒక పెద్దావిడ నాతో ఒక మాట అంది. పిల్లలకు నువ్వేమవుతావని ప్రతి ఆఫీసులోనూ అడిగారట. ఏం పెడుతున్నావని ఒక్కరూ అడగలేదట. మన విధానాల మీద ఇంతకంటే మంచి విమర్శ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

2007లో మన దేశంలో పిల్లలు–ఎయిడ్స్ మీద ఒక విధాన చట్రం వచ్చింది. 2017లో హెచ్.ఐ.వి. చట్టం వచ్చి, 2018 సెప్టెంబరు నుంచి అమలవుతోంది. ఈ చట్టంలో మన పనికి వచ్చేవి ఉన్నాయి. బాధిత పిల్లల ఆస్తిని కాపాడే బాధ్యత ప్రభుత్వాల మీద పెట్టింది. పిల్లల తరఫున ఎవరైనా, ఆఖరికి బిడ్డ అయినా, ఆస్తి కాగితాలు భద్రపరచమనీ, ఆస్తి లాక్కున్నారనీ బాలల సంక్షేమ కమిటీ దగ్గరకు వెళ్ళవచ్చు. ఈ సంగతి మన గ్రామ సంఘాల్లో ఎంతమందికి చెప్పాం?

అదే చట్టంలో ఇంకొక సెక్షన్ ఉంది. హెచ్.ఐ.వి. బాధిత కుటుంబాన్ని నడుపుతున్న, పన్నెండేళ్ళు నిండి పద్దెనిమిది నిండని పెద్ద బిడ్డను తోబుట్టువులకు సంరక్షకురాలిగా గుర్తించవచ్చు. బడిలో చేర్చడానికి, బ్యాంకు ఖాతా చూసుకోవడానికి, వైద్యానికి సంతకం పెట్టవచ్చు. పెద్దల సంతకం లేక పిల్లల పనులు ఆగిపోకూడదన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ ఆ పెద్ద బిడ్డ ఎక్కువ ఇళ్ళలో అక్కే. సంతకం పెట్టే అధికారం ఆమెకిచ్చాం. ఆమె చదువు ఎవరు చూడాలి? పన్నెండేళ్ళ పిల్లను తల్లిని చేసి, రాజ్యం తన బాధ్యత తీరిందనుకోకూడదు.

ఇప్పుడున్న మిషన్ వాత్సల్య కింద పిల్లలకు నెలకు నాలుగు వేల రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. విధవ తల్లి దగ్గర ఉన్న పిల్లలూ, బంధువుల దగ్గర పెరుగుతున్న అనాథలూ, తల్లిదండ్రులకు ప్రాణాంతక వ్యాధి ఉన్న పిల్లలూ దీనికి అర్హులే. నిర్వచనం విశాలమైనదే. దాన్ని వాడుకోవాలి. మరోవైపు 2021లో కోవిడ్ అనాథల కోసం ప్రకటించిన కేంద్ర పథకం చూడండి. తల్లిదండ్రులిద్దరూ పోయిన బిడ్డకు ఇరవై మూడేళ్ళ వయసులో పది లక్షలు. తండ్రి మాత్రమే పోయి, కూలికి వెళ్ళే తల్లి మిగిలిన బిడ్డకు అందులో చోటు లేదు. ఆఫ్రికాలో ఇరవై ఏళ్ళు చర్చించి వదులుకున్న పొరపాటును మనం కొత్తగా చేశాం.

మనం అడగవలసినవి

ఇలా అంటే రెండు అభ్యంతరాలు వస్తాయి. డబ్బు చేతికిస్తే దుర్వినియోగం అవుతుందనీ, హాస్టల్లోనో అనాథాశ్రమంలోనో పెడితే మేలనీ కొందరంటారు. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎంతమందికి తల్లి ఉందో మీ మీ రిజిస్టర్లు తీసి చూడండి. ఆశ్రమంలో ఒక్కో బిడ్డ మీద పెట్టే ఖర్చు ఆ తల్లికే ఇస్తే బిడ్డ ఎక్కడ ఉండేదో ఆలోచించండి. రెండో అభ్యంతరం స్త్రీవాదుల నుంచే వస్తుంది. పెంచినందుకు స్త్రీకి డబ్బిస్తే ఆ పని శాశ్వతంగా ఆమె నెత్తినే పడదా అని. ఇది నిజమైన ప్రమాదం. ఇప్పుడు ఉచితంగా ఆమె నెత్తి మీదే ఉందన్నదీ నిజమే. చేస్తున్న పనికి విలువ కట్టమనడంతో పాటు, మగవాళ్ళు పంచుకోమనీ, రాజ్యం బాలవాడి, బడి, ఆసుపత్రి నడపమనీ అడగాలి. రెండో దాని కోసం మొదటిది వాయిదా వేయనక్కరలేదు.

నా ప్రతిపాదనలు ఇవి. సహాయం రోజూ పెంచుతున్న వ్యక్తి పేరున ఉండాలి. దానికి పంచాయతీ, అంగన్‌వాడీ ధృవీకరణ చాలు, కోర్టు కాగితం అడగకూడదు. అర్హతకు మరణ ధృవీకరణ పత్రం కాకుండా బిడ్డ పేదరికం ఆధారం కావాలి. అవ్వకు వచ్చే పింఛనును ఇంటి ఆదాయంగా చూపి పిల్లల సహాయం కొట్టేయకూడదు. అక్క సంరక్షకురాలిగా ఉన్న ప్రతి ఇంటికీ ఒక పెద్ద మనిషి అండ, ఆ అక్కకు చదువు హామీ ఉండాలి. విధవల భూమి, ఇంటి కాగితాల పని మన ఎయిడ్స్ కార్యక్రమంలో భాగం కావాలి. తల్లికి మందు ఒక్క నెల కూడా ఆగకూడదు.

ఇక మన గురించి. మన ప్రాజెక్టు ప్రతిపాదనల్లో 'సముదాయ భాగస్వామ్యం' అని ఒక పేరా రాస్తాం. ఆ భాగస్వామ్యం అంటే ఊళ్ళో నలుగురు ఆడవాళ్ళు జీతం లేకుండా రోగుల ఇళ్ళకు తిరగడం. ఆఫ్రికాలో ఇంటి వద్ద సేవ కార్యక్రమాలన్నీ ఈ వాలంటీర్ల మీదే నడిచాయి. వాళ్ళలో ఎంతోమంది తమకే జబ్బు ఉన్న పేద స్త్రీలు. ప్రభుత్వాన్ని ప్రశ్నించే ముందు మన బడ్జెట్లలో వాళ్ళకు ఎంత రాశామో చూసుకుందాం. వచ్చే ప్రతిపాదనలో ఆ పేరాకు ఎదురుగా ఒక అంకె వేద్దాం.